కాక్నీల ప్రాసభాష - ద్విరేఫ శబ్దము

లండను నగరపు తూర్పు పేటలలో వ్యాపించిన ప్రాసభాషను గూర్చి చెప్పువారు సాధారణముగా దానిని రూపకమని చెప్పి విడిచెదరు. మేమును కొన్ని వత్సరములు అట్లే బోధించితిమి. “తలకును రొట్టెకును సాదృశ్యమేమి?” అని యొక విద్యార్థి ప్రశ్నించినప్పుడు గాని మా పొరపాటు మాకు తెలియలేదు.

సాదృశ్యమేమియు లేదు. ఆంగ్లమున తలకు ‘హెడ్’ అని పేరు. ‘లోఫ్ ఆఫ్ బ్రెడ్’ అను పదబంధమునకు దానితో అంత్యప్రాస కుదురును. కాక్నీ తలను ఆ పదబంధముతో పేర్కొనును. పిదప ప్రాస గల కడపటి పదమును విడిచి ‘లోఫ్’ అని మాత్రమే పలుకును. అట్లే చూపునకు పేరైన ‘లుక్’ కసాయివాని కొక్కెమగు ‘బుచర్స్ హుక్’ అయి, తుదకు ‘బుచర్స్’గా మిగిలినది. చెలికాడగు ‘మేట్’ మొదట ‘చైనా ప్లేట్’, పిమ్మట ‘చైనా’. ఏ ప్రాసచే అర్థము సిద్ధించెనో ఆ ప్రాసయే లోపించుట యిందలి విశేషము.

ఇట్టి శబ్దవ్యాపారము మన శాస్త్రమునకు క్రొత్త గాదు. ‘ద్విరేఫ’ మనగా రెండు రేఫలు గలది. రెండు రేఫలు గలది తుమ్మెద కాదు, ‘భ్రమర’ శబ్దము. ఆ శబ్దము ద్వారా తుమ్మెద బోధపడుచున్నది. దీనిని లక్షితలక్షణ యందురు. కాక్నీ పదమును సైతము వస్తువునకు గాక, వస్తువాచకమునకే మొదట సంబంధించును. భేదమొక్కటి కలదు: ద్విరేఫ శబ్దమున గుర్తు నిలిచియున్నది; ‘లోఫ్’నందు గుర్తు చెరిగినది. కావున ఎరుగనివానికి ఊహచే సాధింప వీలులేదు.

ఇందువలననే కొందరు దీనిని దొంగల రహస్యభాష యనిరి. 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ తన నిఘంటువున దీనిని వీధులలో పాడుచు, వాగ్ధాటితో సరకులమ్ముకొను వారికి ముడిపెట్టెను. మాకు ఈ మాటయే సమంజసముగా తోచుచున్నది. భార్యను, అనగా ‘వైఫ్’ను, ‘ట్రబుల్ అండ్ స్ట్రైఫ్’, తగవులమారి, అనువాడు దాచదలచినవాడు కాడు. వినువాడు గ్రహించి నవ్వవలెననియే వాని కోరిక. అయినను అర్థము కూడ కలిసివచ్చు ఇట్టి ఉదాహరణములు స్వల్పము. పాఠ్యగ్రంథములు వీనినే ముందుంచుటచే రూపకభ్రాంతి కలుగుచున్నది.

‘కుశల’ శబ్దమున దర్భలు కోయుట మరుగుపడినట్లే, ‘లోఫ్’ ఉపయోగింపుమని, అనగా బుద్ధి ఉపయోగింపుమని, మందలించు ఆంగ్లేయులు పలువురు రొట్టెను తలపనే తలపరు. పెదవులతో చేయు ఎగతాళి ధ్వనికి ‘రాస్ప్‌బెరీ’ యను పేరును ఇట్లు వచ్చినదే. దాని మూలపదము నిచట వ్రాయుట ఉచితము గాదు. సభ్యులు మాత్రము ఆ పేరును నిస్సంకోచముగా పలుకుచున్నారు.