చెత్తనుండి విద్యుత్తు : ఒక విమర్శ

పట్టణములలోని చెత్తనుండి విద్యుత్తు తీయవచ్చునను మాట తరచుగా వినబడుచున్నది. మాట నిజమే. కాని ఏ చెత్తనుండి, ఏ పద్ధతిలో, ఎంత విద్యుత్తు అను ప్రశ్నలు వేయకుండ దానిని అంగీకరించుట శాస్త్రదృష్టి కాదు. 2016లో జిల్లా కేంద్రములైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములకు ఈ ప్రశ్నలు మరింత ముఖ్యము.

మొదటిది కాల్చు పద్ధతి. పట్టణపు చెత్తలో ఇంచుమించు సగము కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, ఆకులు వంటి తడి పదార్థము. ఒక కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 600 కిలోకాలరీల ఉష్ణము కావలెను. కిలో చెత్తలో అర కిలో నీరున్నచో 300 కిలోకాలరీలు ఆ నీటిని వెడలగొట్టుటకే చెల్లిపోవును. దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్లు తీయుటకై 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో ఆరంభించిన కేంద్రము కొలది దినములకే ఆగిపోయినది. చెత్తకు తగినంత ఉష్ణమూల్యము లేకపోవుటయే ముఖ్యకారణము. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల కేంద్రము పని ప్రారంభించినది. కాని దానికి వెనుక దినమునకు వేల టన్నుల చెత్తను ఇచ్చు మహానగరమున్నది.

చిన్న పట్టణము లెక్క వేరు. 50 వేల జనాభాలో మనిషికి దినమునకు 400 గ్రాముల చొప్పున చెత్త 20 టన్నులు. అందు తడిచెత్త 10 టన్నులు. దీనికి తగినది, గాలి సోకని తొట్టిలో సూక్ష్మజీవులచే కుళ్ళబెట్టు పద్ధతి. పల్లెలలోని గోబర్ గ్యాసు సూత్రమిదియే. సికింద్రాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో ఇట్టి కేంద్రము దినమునకు 10 టన్నుల వ్యర్థమునుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు నిచ్చునని 2021లో ప్రకటింపబడినది.

500 యూనిట్లనగా ఎంత? భూపాలపల్లి చెంతనే చెల్పూరులో 1100 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము కలదు. అది పూర్తి సామర్థ్యముతో నడచునపుడు ఇంత విద్యుత్తును రెండు సెకనులలోపుననే ఇచ్చును!

అయినచో ఈ శ్రమ వృథాయా? కాదు. లాభమును యూనిట్లలో మాత్రమే కొలుచుటయే పొరపాటు. వరి వేయు రైతు గింజకొరకు వేయును. గడ్డి వచ్చినచో కాదనడు. ఇచట గింజ పరిశుభ్రత, గడ్డి విద్యుత్తు. ఆ 10 టన్నులు ఊరి వెలుపల గుట్టగా కుళ్ళినచో ఈగలు పెరుగును, మురుగు రసము భూజలమున కలియును, మీథేను గాలిలో చేరును. నూరేండ్ల లెక్కలో భూమిని వేడిచేయు శక్తి మీథేనుకు కార్బన్ డయాక్సైడుకంటె సుమారు 28 రెట్లు.

కావున ఇట్టి పథకమును ఎన్ని మెగావాట్లని కాక, ఎన్ని టన్నులు గుట్టకు చేరకుండ ఆగినవని అడుగవలెను. తొట్టిలో ప్లాస్టిక్కు, గాజు పడినచో యంత్రము ఎంత మంచిదైనను ఆగును. తడి, పొడి చెత్తలను ఇంటనే వేరుచేయవలెనని 2016 నిబంధనలు చెప్పుటలోని మర్మమిదియే. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక వారము తమ ఇంటి చెత్తను వేరుచేసి తూచి, సగటు కట్టి, ఊరి జనాభాతో హెచ్చించి చూడవచ్చును. పథకములను పరీక్షించుటకు కావలసిన మొదటి అంకె వారి నోటు పుస్తకములోనే దొరకును.