ఎవరి కిందా లేని నటుడు

'స్వతంత్ర నటుడు' అనే మాట ఈ మధ్య తరచు వినపడుతోంది. సినిమా కుటుంబంలో పుట్టకుండా, ఏ ఒక్క సంస్థకూ కట్టుబడకుండా, తన శ్రమ మీదే ఆధారపడి తెరమీద బతికేవాడని దాని అర్థం. మాట గౌరవంగానే ఉంది. కాని ఈ స్వాతంత్ర్యం ఎవరి నుంచి, దేనికోసం అన్న ప్రశ్న మనం వేసుకోలేదు. నాకా ప్రశ్న హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక టీ కొట్టు దగ్గర ఎదురైంది.

అక్కడ కలిసిన యువకుడు మా వీధినాటక దళంలో ఆరేళ్ళు ఆడినవాడు. "అన్నా, నేనిప్పుడు ఇండిపెండెంట్ యాక్టర్ని. ఎవ్వని కింద లేను" అన్నాడు. సంతోషించాను. కాసేపటికి మాటల్లో బయటపడింది: మూడు రోజులు పనిచేసిన సినిమా డబ్బు ఎనిమిది నెలలైనా చేతికి రాలేదు. పని ఇప్పించిన కోఆర్డినేటరు ఫోనెత్తడు. రాతపూర్వకమైన ఒప్పందం లేదు. నిర్మాత ఎవరో ఇతనికి తెలియదు. ఎవరి కిందా లేడు నిజమే; అడగడానికి ఎవరూ లేరు కూడా.

మద్రాసు స్టూడియోలు వెలిగిన కాలంలో కొందరు నటీనటులు నెలజీతాలకూ, ఒప్పందాలకూ కట్టుబడి పనిచేశారు. అందులో దాస్యం ఉంది. నెల తిరిగేసరికి జీతమూ ఉంది. ఆ వ్యవస్థ పోయింది. దాస్యం మాత్రం రూపం మార్చుకుంది. ఇవాళ ఫోటోలు తీయించుకునే ఖర్చు నటుడిది. ఆడిషన్ వీడియో తన ఫోనులో తానే తీసి పంపాలి. గది అద్దె, రానుపోను చార్జీలు, శరీర పోషణ అన్నీ అతనివే. పైగా సామాజిక మాధ్యమాల్లో తనను ఎంతమంది అనుసరిస్తున్నారో లెక్క చూపాలి. పూర్వం పెట్టుబడిదారు కొంతైనా భరించిన నష్టభయాన్ని ఇప్పుడు కూలివాడే మోస్తున్నాడు. ఈ బరువుకు పెట్టిన ముద్దుపేరే స్వాతంత్ర్యం.

అయితే నటుడికి నిజమైన స్వాతంత్ర్యం లేనే లేదా? ఉంది. బలరాజ్ సహానీని చూడండి. ఇప్టా నాటకాల నుంచి వచ్చినవాడు. 'దో బీఘా జమీన్' (1953)లో భూమి పోగొట్టుకుని కలకత్తా వీధుల్లో రిక్షా లాగే రైతు శంభు పాత్ర వేశాడు. అక్కడ ఒక రిక్షా కార్మికుడు తన భూమి కథ చెబితే, అది అచ్చం శంభు కథేనని గ్రహించానని ఆయనే రాసుకున్నాడు. ఆ సినిమాలో మనం చూసే రొప్పు, వంగిన వెన్ను అక్కడి నుంచి వచ్చాయి. ప్రేక్షకుణ్ణి ఏడిపించాలన్న ఆత్రం ఎక్కడా కనపడదు. అలాగే బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988)లో అర్చన. గడీలో దాసి కమలాక్షికి మాటలు బహు తక్కువ. నీళ్ళు మోయడంలో, తలవంచి నిలబడటంలో ఒక వర్గం చరిత్ర మొత్తం పలుకుతుంది. ఆ పాత్రకు ఆమె జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకుంది. పాత్ర బతుకును ఇంతగా తెలుసుకోవడమే నటుడి స్వేచ్ఛ. ఏ కోఆర్డినేటరూ దాన్ని లాక్కోలేడు.

కాని ఇక్కడ ఆగిపోతే నేనూ భావవాదినే అవుతాను. సహానీ లాహోరులో ఎం.ఏ. చదివినవాడు, లండన్ బి.బి.సి.లో పనిచేసి వచ్చినవాడు. కృష్ణానగర్ కుర్రవాడికి ఆ ఆసరా లేదు. కళ ఎంత నిజాయితీగా ఉన్నా అద్దె కట్టదు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) సంగతే తీసుకోండి. విశాఖలోని ఆ పేట మనుషులే ఎనభైమందికి పైగా నటించారు. ఆఫీసులో అటెండరు రాజుగా సుబ్బారావు నడక చూస్తే నటన అనిపించదు. తెలుగు తెరకు అదొక కొత్త ఊపిరి. అయినా ఆ సినిమా థియేటర్లకు చేరింది రానా దగ్గుబాటి సమర్పణలోనే. తీయడంలో స్వతంత్రం, చూపించడంలో పరతంత్రం!

2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికుల సమాఖ్య 30 శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా పని ఆపింది. అడిగినంతా రాలేదు గాని నిర్మాతలు కూర్చుని మాట్లాడక తప్పలేదు. లైటు మోసే కార్మికుడు తన తోటివారితో కలిసి "ఆపండి" అనగలిగాడు. ఆ లైటు వెలుగులో నిలబడ్డ ఒంటరి నటుడు ఆ మాట అనలేడు. అంటే అతని చోట పదిమంది సిద్ధంగా ఉంటారు. ఇద్దరిలో ఎవరు స్వతంత్రులు?

ఇదంతా ఆవేశంగా ఆ కుర్రవాడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "మరి మనమేమిచ్చినం అన్నా? ఆరేండ్లు ఆడితే బస్సు చార్జీలిచ్చిన్రు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

అతను చెప్పింది నిజం. త్యాగం పేరుతో మనమూ నటుడి శ్రమను లెక్కలోకి తీసుకోలేదు. విమర్శకుడిగా నా తప్పు ఇంకొకటుంది. ఇన్నేళ్ళ సమీక్షల్లో దర్శకుడి దృక్పథం గురించి పేజీలు రాశాను. ఒక్క సన్నివేశంలో కనిపించి సినిమాను నిలబెట్టిన చిన్న నటుల పేర్లు రాయలేదు. వాళ్ళకు తదుపరి వేషం ఇప్పించగలిగే సాక్ష్యం ఆ పేరే.

కనుక చిన్న వేషానికైనా కాగితం మీద ఒప్పందం, చెల్లింపుకు గడువు, వేషం ఎగ్గొట్టినా డబ్బు ఎగ్గొట్టినా అడగడానికి ఒక సంఘం ఉండాలి. మన దళాలు కూడా ప్రదర్శనకింతని నటుడికి ముట్టజెప్పాలి, ఎంత కొంచెమైనా సరే. ఎవరి కిందా లేకపోవడం సరిపోదు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఆ పక్కన మనం లేకపోతే, రేపు ఆ కుర్రవాడు నటన మానేసిన రోజున పరిశ్రమను నిందించే హక్కు మనకుండదు.