దిగుడు నేర్పే పరుగు

బోస్టన్ మారథాన్‌లో అసలు చిక్కంతా మొదట్లోనే ఉంది. హాప్‌కింటన్ ఊరు దాటగానే రోడ్డు పల్లానికి దిగుతుంది. కాళ్లు వాటంతట అవే సాగుతాయి, ఆయాసం తెలీదు. ఆ సుఖానికి మోసపోయినవాళ్లు 16వ మైలు తర్వాత న్యూటన్ ఎత్తుల్లో వడ్డీతో సహా చెల్లిస్తారు. దిగేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ దెబ్బ అప్పటికప్పుడు బయటపడదు. నాలుగు ఎత్తుల్లో చివరిదైన హార్ట్‌బ్రేక్ హిల్ నిజానికి 30 మీటర్లయినా ఉండదు. 20 మైళ్లు పరిగెత్తాక ఎదురుపడుతుంది, అదీ దాని గొప్ప!

అందుకే తెలిసినవాళ్లు ఎక్కడంతోపాటు దిగడమూ సాధన చేస్తారు. అంగ చిన్నది, అడుగులు చకచకా, పాదం ఒంటి కిందే పడాలి. గడియారం ఎంత ఊరించినా తొలి మైళ్లలో వేగం పట్టి ఉంచాలి. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

1897లో మొదలైన పందెం బోస్టన్‌ది. 2013 ఏప్రిల్ 15 మధ్యాహ్నం బాయిల్‌స్టన్ వీధిలో, ముగింపు గీత దగ్గర రెండు బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు, అందులో ఒకడు ఎనిమిదేళ్ల పిల్లాడు. గాయపడినవాళ్లు 260 మందికి పైనే, కాళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వేలమంది పరుగు దారిలోనే ఆగిపోయింది.

తర్వాత ‘బోస్టన్ స్ట్రాంగ్’ అన్న మాట ఊరంతా టీషర్టులకెక్కింది. ఆ నినాదం మీద నాకంత గురి లేదు. పరుగు దుఃఖానికి మందనీ అనను. కానీ మారథాన్ సాధన పట్టిక మనిషికి రేపటి పని చెబుతుంది: రేపు ఆరు మైళ్లు, ఎల్లుండి విశ్రాంతి, ఆదివారం పద్దెనిమిది. ‘ధైర్యంగా ఉండు’ అనేవాళ్లకన్నా ఆ కాగితం ముక్క నయం. పైగా పొద్దున్నే రోడ్డు మీద తోడు పరిగెత్తేవాళ్లు ఏమీ అడగరు.

2014 ఏప్రిల్ 21న 30 వేలమందికి పైగా మళ్లీ అదే దారి పట్టారు. ముందటేడు ఆగిపోయినవాళ్లనూ పిలిచారు. ఎరిత్రియాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరిన మెబ్ కెఫ్లెజిగికి అప్పటికి 39 ఏళ్లు నిండబోతున్నాయి. పేలుళ్లలో పోయిన ముగ్గురి పేర్లు, ఆ తర్వాత నిందితుల చేతిలో పోయిన పోలీసు పేరు తన బిబ్ (ఛాతీ మీది నంబరు కాగితం) నాలుగు మూలలా రాసుకున్నాడు. సగం దూరం కాకముందే గుంపును వదిలి ముందుకెళ్లాడు. ఈ వయసులో ఎంతసేపులే, న్యూటన్‌లో దొరుకుతాడులే అనుకున్నారో ఏమో, మేటి ఆటగాళ్లు వెంటపడలేదు. వేగం ఆపుకోవడమూ అతి అయితే అంతే మరి. చివరి మైళ్లలో వాళ్లలోంచి విల్సన్ చెబెట్ తరుముకొచ్చి, వెనకే కనిపించేంత దగ్గరయ్యాడు. కానీ మెబ్ కాళ్లలో ఇంకా సత్తువ మిగిలే ఉంది. 2 గంటల 8 నిమిషాల 37 సెకన్లు. 1983 తర్వాత అమెరికా పురుషుడొకరు బోస్టన్ గెలవడం అదే మొదలు. చెబెట్‌తో తేడా 11 సెకన్లు.