కొసొవో స్వాతంత్ర్యప్రకటనము: కర్తృవిచారము

వైయాకరణులకు స్వతంత్రుఁడనఁగాఁ గర్త. పాణిని కారకప్రకరణమునఁ గర్తకు లక్షణము చెప్పునపుడు పనిచేయువాఁ డనక స్వతంత్రుఁ డనియే చెప్పెను. వెనువెంటనే, ఆ స్వతంత్రుని బ్రేరేపించువానికి హేతుసంజ్ఞతోఁబాటు కర్తృసంజ్ఞయు విధించెను. పాఠశాలలలో నీ విషయము దేవదత్తుఁడు వండుట, యజ్ఞదత్తుఁడు వండించుట యను నుదాహరణములతో ముగియును. ఒక సీమ స్వతంత్రమా కాదా యను రాజ్యవివాదమున "ఈ వాక్యమునకుఁ గర్త యెవరు?" అను ప్రశ్నయే ప్రధానమై, న్యాయాధిపతులు పదునలుగురు పురుషవచనములను విచారింపవలసి వచ్చునని యా పాఠము చదువువారికిఁ దోఁపదు. 2010 జూలై 22వ తేదీని హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము కొసొవో విషయమున నొసఁగిన యభిప్రాయపత్రము అట్టి విచారణమే.

బాల్కను ద్వీపకల్పమున సెర్బియాకు దక్షిణముననున్న యీ చిన్నసీమకుఁ బేరే వివాదాస్పదము. సెర్బుభాషలో 'కోస్' అనఁగా నొక నల్లని పిట్ట, తత్సంబంధి 'కొసొవో'. ఇది విశేషణము. మైదానమను నర్థముగల విశేష్యము లోపింపఁగా విశేషణమే సంజ్ఞయైనది. తద్ధితములు చదివినవారి కిది క్రొత్తగాదు. ఆల్బేనియాభాషవారు దీనినే స్త్రీలింగముగా 'కొసోవా' యందురు. సెర్బియా రాజ్యాంగమున నిది 'కొసొవో, మెతోహియా'. రెండవపదము మఠముల మాన్యములను దెలుపు గ్రీకుశబ్దమునుండి వచ్చినది. 1968లో యుగోస్లావియా ప్రభుత్వ మా రెండవపదమును దొలఁగించెను. పిమ్మట సెర్బియా మరలఁ జేర్చెను. జనులలో నధికసంఖ్యాకులు ఆల్బేనియాభాష మాటలాడువారు. సెర్బులకో, 1389 నాఁటి యుద్ధస్మృతిచేతను బ్రాచీనమఠములచేతను నది పుణ్యభూమి. పేరు చివర నచ్చు మాఱినంతనే పలికినవాఁ డేపక్షమువాఁడో తెలిసిపోవును.

1974 నాఁటి రాజ్యాంగ మీ సీమకు విస్తృతమైన స్వపరిపాలన మొసఁగెను. 1989లో సెర్బియా దానిని హరించెను. 1998-99 సంవత్సరముల యుద్ధమునఁ బదివేలకుఁ బైఁబడి జనులు మడిసిరి. నాటోకూటమి 78 దినములు వైమానికదాడులు సలిపిన పిదప, 1999 జూన్ 10వ తేదీని భద్రతామండలి 1244 సంఖ్యగల తీర్మానము చేసి కొసొవోను ఐక్యరాజ్యసమితి తాత్కాలికపరిపాలనమునం దుంచెను. తీర్మానపీఠికలో యుగోస్లావియాయొక్క సార్వభౌమత్వమును భూభాగాఖండత్వమును స్మరింపఁబడినవి. ఆ పీఠికాపదములకు ననువృత్తి యెంతదాఁక? తాత్కాలికపరిపాలనము వఱకేనా, తుదినిర్ణయమునకుఁ గూడనా? సెర్బియా తుదివఱకు ననువృత్తి కలదని వాదించెను. న్యాయస్థానము దాని నంగీకరింపలేదు. 1244లోఁ దుదిస్థితినిగూర్చిన నియమమే లేదనియు, పందొమ్మిది దినముల పిమ్మట సైప్రసునుగూర్చి యదే మండలి చేసిన 1251 తీర్మానమునఁ దుదిస్థితి యెట్లుండవలెనో చెప్పఁబడినదనియుఁ జూపెను. ఒకచోటఁ జెప్పి యొకచోటఁ జెప్పకున్నచో నా మౌనము బుద్ధిపూర్వక మనుట వ్యాఖ్యాతల కలవాటైన యుక్తియే. అభిప్రాయపత్రమున నెల్ల నీ భాగము బలిష్ఠము.

ఇఁక మూలపత్రము. 2008 ఫిబ్రవరి 17వ తేదీని ప్రిష్టినా నగరమున శాసనసభ్యులు 120 మందిలో 109 మంది కూడి, ఆల్బేనియాభాషలో రెండు పపైరసు పత్రములపై వ్రాయఁబడిన ప్రకటనమును జదివి, సమ్మతించి, సంతకములు చేసిరి. శాసనసభ్యుఁడు గాని దేశాధ్యక్షుఁడును సంతకము చేసెను. సెర్బుసభ్యులు పదుగురును, గొరానీజాతి సభ్యుఁ డొకఁడును రాలేదు. ముద్రణయంత్రముల కాలమునఁ బపైరసు నెన్నుకొనుట వింతగాఁ దోఁచును గాని, వ్రాసినది చిరకాలము నిలువవలెనను కోరిక రాగిఱేకులు చెక్కించినవారికిని వీరికిని సమానమే.

సెర్బియా కోరికపై సర్వప్రతినిధిసభ 2008 అక్టోబరు 8వ తేదీని న్యాయస్థానమునకుఁ బ్రశ్న నంపెను. అనుకూలురు 77, ప్రతికూలురు 6, తటస్థులు 74. కొసొవోయొక్క తాత్కాలిక స్వపరిపాలనసంస్థలు ఏకపక్షముగాఁ జేసిన స్వాతంత్ర్యప్రకటనము అంతర్జాతీయధర్మమున కనుగుణమా? ఇదియే ప్రశ్న. ఇందుఁ గర్తృపదము ముందుగానే నిర్ణీతమై యున్నది. కర్త తాత్కాలికసంస్థయే యైనచో, తన్నుఁ బుట్టించిన వ్యవస్థకు మించిన పని చేసినదగును. ఉత్తరము సెర్బియా కనుకూలము కాక తప్పదు. న్యాయస్థాన మా కర్తృపదమునకుఁ దాను బద్ధము గానని పలికి, ప్రకటనమునే పరిశీలించెను. ప్రమాణభూతమైన ఆల్బేనియా పాఠమున 'కొసొవో శాసనసభ' యను శీర్షిక లేదనియు, అది యాంగ్లఫ్రెంచి యనువాదములందే కానవచ్చుచున్నదనియుఁ గనుఁగొనెను. సభాశాసనములన్నియుఁ బ్రథమపురుషైకవచనమున నుండఁగా, ఈ ప్రకటన ముత్తమపురుష బహువచనముతో, అనఁగా 'మేము'తో, ఆరంభమగుచున్నదనియుఁ జెప్పెను. మఱియు నది సమితిప్రతినిధికిఁ బంపఁబడలేదు, అధికారపత్రికలోఁ బ్రకటింపఁబడలేదు, సమితిప్రతినిధియు దానిని రద్దుచేయక మిన్నకుండెను. కావునఁ గర్త తాత్కాలికసంస్థ కాదు, ఆ వ్యవస్థకు వెలుపల నిలిచి పలికిన ప్రజాప్రతినిధులే యని సిద్ధాంతీకరించెను.

అనువాదశీర్షికను మూలపాఠముతో సరిచూచుట పాఠపరిష్కర్తలు మెచ్చఁదగిన పని. కాని పురుషభేదముచేఁ గర్తృభేదమును సాధించుట చింత్యము. వేంగీచాళుక్యుల తామ్రశాసనములు చదివినవారికి, రాజు ప్రథమపురుషలో నాజ్ఞాపించుటయు, ఆ యాజ్ఞలోపలనే 'మాచేత నీయఁబడినది' యని యుత్తమపురుష బహువచనమునఁ బలుకుటయు సుపరిచితము. పురుషము మాఱినను దాత యొక్కఁడే. శైలీభేదము జ్ఞాపకము కావచ్చును గాని ప్రమాణము కాఁజాలదు. అధికారపత్రికలో లేకుండుట, దేశాధ్యక్షుని సంతకము అను రెండే యిచ్చట నిజమైన సాధనములు. విమతము తెలిపిన న్యాయాధిపతులలో టోమ్కా యడిగిన ప్రశ్ననే మార్చితిరని యాక్షేపించెను. బెన్నూనా యాక్షేప మింకను వాఁడియైనది: ధర్మబంధమునుండి విడివడుటకు ధర్మబాహ్యుఁడగుటయే చాలునా? దీనికి సంతృప్తికరమైన సమాధాన మభిప్రాయపత్రమునఁ గానరాదు.

పరప్రేరితమైన స్వాతంత్ర్యము స్వాతంత్ర్యమే కాదను మఱియొక యాక్షేపము కలదు. ప్రకటనము ఫిన్‌లాండు పూర్వాధ్యక్షుఁడు అహ్తిసారి రచించిన ప్రణాళికను శిరసావహించి, అంతర్జాతీయ పర్యవేక్షణమును దానే యాహ్వానించెను. ఆ పర్యవేక్షణము 2012 సెప్టెంబరువఱకు సాగెను. పర్యవేక్షిత స్వాతంత్ర్యమను సమాసమును జూచి నవ్వినవారు కలరు. వారికి శాస్త్రము తోడ్పడదు. యజ్ఞదత్తుఁడు వండించినను వండిన దేవదత్తుఁడు ప్రయోజ్యకర్త యగును గాని కర్తృత్వమును గోల్పోఁడు. అయితే భర్తృహరి సాధనసముద్దేశమునఁ గర్తృస్వాతంత్ర్యమునకుఁ జెప్పిన హేతువులలో నొకటి యిచ్చటఁ జిక్కు దెచ్చును. తక్కినకారకములకుఁ బ్రతినిధి యుండవచ్చును. కర్తకుఁ బ్రతినిధి కనఁబడఁడు. సంతకము చేసినవారు ప్రజాప్రతినిధులు. ప్రతినిధి కర్త కానిచోఁ గర్త ప్రజయే కావలెను. ఏ ప్రజ?

ఆంగ్లమునందుఁ గాని ఆల్బేనియాభాషయందుఁ గాని ఉత్తమపురుష బహువచనమునకు సర్వనామ మొక్కటియే. తెనుఁగునకు 'మేము', 'మనము' అని రెండు. ఈ ప్రకటనమునకుఁ దెనుఁగుసేఁత సేయఁబూనినవాఁడు మొదటిమాటయొద్దనే నిలిచిపోవును. ప్రకటనము లోకమునెదుట పలుకఁబడినది, వినువారు పరరాజ్యములు, కావున 'మేము' సాధువు. కాని కొసొవోను బహుజాతీయమైన ప్రజాస్వామ్యగణరాజ్యముగాఁ బ్రకటించునది యీ పత్రమే. అందుచే మిత్రోవిత్సా పట్టణమున ఇబరునదికి ఉత్తరపుగట్టుననున్న సెర్బుకును నిది చదివి వినిపింపవలసినదే కదా. వానితోఁ బలుకునపుడు 'మేము' అన్నచో వాఁడు వెలియగును. 'మనము' అన్నచో సభకు రాని పదునొకండుగురి సంతకములు లేకయే వానిని వాక్యములోనికి లాగినట్లగును. ఒక్క సర్వనామముగల భాషలలో నీ చిక్కు కానరాక దాఁగినది. న్యాయస్థానము ఉత్తమపురుషను బట్టుకొని సంస్థను వెలిపుచ్చెను గాని, ఆ పురుషలో నెవరెవ రిమిడియున్నారని యడుగలేదు. అడుగవలసిన ప్రశ్న తమముందు లేదనుట వారి సమాధానము కావచ్చును. ఐనను గర్తృపదమును మార్చుటకు స్వేచ్ఛ వహించినవారు దాని యర్థమును నిర్ణయించుటలో మాత్రము సంకోచించుట పొందికగా లేదు.

ఉత్తరవాక్యమునందలి నఞర్థమును విచారింపఁదగినదే. అనుగుణమా యని యడుగఁగా, పదుగురు నలుగురపై, ప్రకటనము ధర్మము నుల్లంఘింపలేదని చెప్పిరి. ఇది ప్రసజ్యప్రతిషేధము, నిషేధము లేదని మాత్రమే దీని తాత్పర్యము. 'అవిరుద్ధము' అను సమాసమును బర్యుదాసముగాఁ గొని 'సమ్మతము' అని యర్థము చేసినవారు పెక్కండ్రు. అనుకూలముగా మతమిచ్చిన సిమ్మాయే, నిషేధింపనిదెల్ల విహితమనుకొను పాతపద్ధతిని దప్పుపట్టెను. ఈ పొరపాటు గ్రంథములలో నాఁగలేదు. 2014 మార్చినెలలోఁ గ్రిమియా శాసనసభ తన స్వాతంత్ర్యప్రకటనమున నీ యభిప్రాయపత్రమునే యాధారముగాఁ బేర్కొనెను. బలప్రయోగముతోఁ గూడిన ప్రకటనముల సంగతి వేఱని న్యాయస్థానము దక్షిణరొడీషియా, ఉత్తరసైప్రసుల నుదాహరించి చెప్పియున్నను, ఆ వాక్యమును వారు విడిచిరి.

పిమ్మటివచ్చిన పత్రములు చదివినచో, ఇరుపక్షములును సర్వనామమును దప్పించుకొనుటకుఁ బడిన పాట్లు తెలియును. 2012 ఫిబ్రవరిలో 'కొసొవో' పదముపై నొక నక్షత్రచిహ్నము చేర్చి, యీ వ్యవహార మేపక్షమువారి వాదమునకును బాధకము గాదని యడుగున వ్రాసిరి. అనుబంధమువలె నది యుచ్చారణమున లోపించును, కార్యమునుమాత్రము చేయును. 2013 ఏప్రిలు 19వ తేదీ యొడంబడికలో సెర్బుల పురపాలకసంఘములకు 'కూటమి' కావలెనా 'సమాజము' కావలెనా యని తేలక, రెండుమాటలను నడుమ గీటుతో వ్రాసిరి. వికల్పము శాస్త్రమున శోభించును. ఇచ్చట 2023 వఱకును ఏ రూపమును సిద్ధింపలేదు. ఆ యేఁటి మార్చిలో ఓహ్రిదునఁ గుదిరిన యొప్పందమునకు సంతకములే లేవు. మేనెలలో జ్వెచానునొద్ద శాంతిసైనికులు పెక్కండ్రు గాయపడిరి. సెప్టెంబరు 24వ తేదీని బాన్యస్కాయందుఁ గొసొవో రక్షకభటుఁ డొకఁడును, దాడిచేసినవారు మువ్వురును మరణించిరి.

అక్షరమాత్రమైన వివాద మొకటి మాత్రము సడలినది. బండ్ల సంఖ్యాఫలకములపై 'ఆర్, కే, ఎస్' అను మూఁడక్షరములలో మొదటిది గణరాజ్యమును దెలుపునది. సరిహద్దునొద్ద నీ రాజ్యచిహ్నములపైఁ గాగితపుముక్క లంటించుట 2021నుండి యాచారమయ్యెను. 2024 జనవరి 1వ తేదీనుండి యా ఫలకములతోడి బండ్లను గాగితములు లేకయే సెర్బియా రానిచ్చినది. ఇది గుర్తింపు గాదని మాత్రము చెప్పినది.