విలీనం అనే మాట

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 117వ నెంబరు జీవో వచ్చింది. ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్ళకు మార్చమన్నది. దీనికి పేరు 'విలీనం'. యేరు సముద్రంలో కలిస్తే విలీనం. ఎనిమిదేళ్ళ పిల్ల తన బడి వదిలి నడిచిపోవడం విలీనమెట్లా అవుతుంది?

పోస్టులు తగ్గుతాయని, బడులు మూతబడతాయని ఉపాధ్యాయ సంఘాలు రోడ్డెక్కాయి. మంచిదే. అయితే వాళ్ళూ 'విలీనం ఆపండి' అనే అన్నారు. ఎదుటివాడి మాట పట్టుకుని వాడితో పోట్లాడితే సగం ఓడినట్టే. 'మా ఊరి బడి మాకుండనీ' అంటే తల్లులూ వెంట నడిచేవాళ్ళు. 2025లో జీవో రద్దయింది, మాట మిగిలింది.

పేరేసంద్ర చుట్టుపక్కల తెలుగిళ్ళ పిల్లలం కన్నడ బడిలో అక్షరాలు దిద్దినవాళ్ళం. మాతృభాషలో ప్రాథమిక విద్య సంగతి రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. ఏ భాషకైనా ముందు ఊళ్ళో బడి ఉండాలి కదా!