చింతగింజల చెరువు

మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే బిజినెస్ ఆటే. ఊళ్లు కొనడం, అద్దెలు గుంజడం, అన్నయ్య చేతిలో చిల్లిగవ్వ మిగల్చకుండా చేసి పడీపడీ నవ్వడం. ఆ నవ్వు ఎంత పాడుదో చూపించడానికే ఈ ఆటకు మూలరూపం పుట్టిందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

దాన్ని తయారుచేసింది ఎలిజబెత్ మాగీ. అమెరికాలో 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’కు పేటెంట్ పొందింది. భూమి అందరి సొత్తనే ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ వాదం ఆమెకు ప్రాణం. బోర్డు మీద ఒక మూల ‘భూమాత’ గడి. అక్కడ చాకిరీ చేసినందుకు వంద డాలర్ల కూలి. ఇంకో మూల ఓ దొరగారి ఎస్టేటు. అందులో కాలు పెడితే జైలే. తర్వాత్తర్వాత ఆటకు రెండు రకాల నియమాలు పెట్టింది. ఒకదాంట్లో సంపద పెరిగితే అందరికీ లాభం, రెండోదాంట్లో ఒక్కడే మిగలాలి. జనానికి రెండోదే రుచించింది. అదే మోనోపలీ అయింది, మన బిజినెస్ ఆటకూ మూలమైంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనేసింది. రాయల్టీ మాటే లేదు.

ఎక్కడ బెడిసికొట్టింది? ఆటలో చేదంతా ఓడినవాడికే దక్కింది. వెటకారం పనిచేయాలంటే గెలిచినవాడి నోటికి చేదు తగలాలి.

‘లిమిట్స్ టు గ్రోత్’ రచయితల్లో ఒకరైన డెనిస్ మెడోస్ ‘ఫిష్ బ్యాంక్స్’ ఆటలో ఈ కిటుకు పట్టుకున్నాడు. ఆడేవాళ్లంతా చేపల కంపెనీల యజమానులే. లాభం కోసం పడవలు కొంటూ పోతారు. చివరికి సముద్రంలో చేపలుండవు.

మొన్న ఆదివారం దానికి నాటు నకలొకటి పిల్లలతో ఆడించాను. పళ్లెంలో 40 చింతగింజలు పోశాను. అది చెరువు, పిల్లలు నలుగురూ నాలుగు కంపెనీలు. ఎవరికి కావలసినన్ని వాళ్లు తీసుకోవచ్చు. రౌండు అయ్యాక మిగిలినన్నే మళ్లీ కలుపుతాను, మొత్తం 40 దాటకుండా. తలా ఐదు తీస్తే ఆట తెల్లారేదాకా సాగుతుంది. పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలని మన చట్టం చెబుతోంది కదా, అందుకని ఒక ‘సేవా కార్డు’ కూడా పెట్టాను. ఒక గింజ తిరిగి పళ్లెంలో వేస్తూ ఫొటో దిగితే మూడు గింజలు అదనం!

రెండో రౌండుకే చెరువు ఎండిపోయింది. అందరికన్నా ఎక్కువ పోగేసిన మా మేనకోడలిని అడిగాను, “అన్నెందుకు తీశావే?” అని.

“నేను తియ్యకపోతే తమ్ముడు తీసేస్తాడుగా మామయ్యా!”

తమ్ముణ్ణి అడిగితే అక్క పేరు చెప్పాడు.

ఖర్చు లేని ఆట, మీ ఇంట్లోనూ ఆడించండి. గెలిచినవాళ్లకు బహుమతిగా ఆ ఖాళీ పళ్లెం చేతికివ్వడం మాత్రం మరిచిపోకండి.