ఖండిత శిల్పాన్ని చదవడం: అబెర్గవెన్నీ యెష్షయి

6.4 పరిచయం

విరిగిన శిల్పం ఎదురైనప్పుడు మనం సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తాం. పోయిన భాగాన్ని ఊహించుకుంటూ ఉన్నదాన్ని చూడడం మానేస్తాం. లేదా మిగిలిన ముక్కనే సంపూర్ణ కృతిగా భావించి మెచ్చుకుంటాం. ఈ రెండింటినీ ఎలా తప్పించుకోవాలో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

వేల్స్‌లోని అబెర్గవెన్నీ పట్టణంలో, సెయింట్ మేరీ ప్రయరీ చర్చిలో, 15వ శతాబ్దపు దారుశిల్పం ఒకటి ఉంది. ఒకే ఓక్ మానులో చెక్కిన ఈ శిల్పం పొడవు దాదాపు 3 మీటర్లు. పొడవాటి గడ్డంతో ఒక వృద్ధుడు పడుకొని నిద్రిస్తున్నాడు. అతని తలగడను ఒక దేవదూత పట్టుకొని ఉన్నాడు. వృద్ధుని శరీరం నుంచి ఒక చెట్టు మొదలు పైకి లేచి, అంతలోనే ఆగిపోతుంది.

6.4.1 నేపథ్యం

ఈ వృద్ధుడు బైబిలులోని దావీదు రాజు తండ్రి యెష్షయి. (ప్రవక్త యెషయా వేరని గమనించండి.) యెష్షయి వంశమనే మోడు మళ్లీ చిగురిస్తుందన్న భావం యెషయా గ్రంథం 11వ అధ్యాయంలో ఉంది. దాని ఆధారంగా మధ్యయుగ కళాకారులు క్రీస్తు వంశవృక్షాన్ని రూపొందించారు. కింద యెష్షయి, కొమ్మలపై రాజులు, పైన మరియ, క్రీస్తు ఉండడం అందులో సాధారణ క్రమం. అబెర్గవెన్నీలో పై భాగమంతా పోయింది. 16వ శతాబ్దపు మతసంస్కరణ, 17వ శతాబ్దపు అంతర్యుద్ధ కాలాల్లో బ్రిటన్‌లో ఇటువంటి ప్రతిమలు ఎన్నో ధ్వంసమయ్యాయి.

6.4.2 విశ్లేషణ

నేటి ప్రేక్షకుని చూపు ముందుగా నిద్రిస్తున్న ముఖంపై నిలుస్తుంది. అయితే శిల్పి ఉద్దేశించిన చూపు అక్కడ ఆగేది కాదు, కాండం వెంట పైకి పాకేది. అప్పుడు యెష్షయి వేరు మాత్రమే, నేడు అతడే కథానాయకుడు. రంగులేని కలప గాంభీర్యాన్ని మెచ్చుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఆ కాలపు దారుప్రతిమలకు సాధారణంగా రంగులు వేసేవారు.

కాబట్టి ఇక్కడ విమర్శకుడు ఎక్కువసేపు చూడవలసింది ముఖాన్ని కాదు, తెగిన మొదలును. కృతి పరిమాణాన్ని, దిశను, నష్టాన్ని ఒకేసారి చెప్పేది అదే. వేరు భాగమే 3 మీటర్లుంటే చెట్టు ఎంత ఎత్తున ఉండేదో ఆలోచించండి. ప్రవక్త చెప్పిన మోడులాగే ఈ శిల్పమూ మోడయిందనడం ఆకర్షణీయమైన మాటే. కానీ అది విధ్వంసం మిగిల్చిన అర్థం, శిల్పి ప్రతిభ కాదు. ఈ రెండింటినీ కలిపివేయకూడదు.

6.4.3 మూల్యాంకనం

2016లో ఇదే చర్చిలో వంశవృక్షాన్ని రంగుటద్దాల కిటికీగా అమర్చారు. పాత కలపకు కొత్త కొమ్మలు అతికించలేదు. పోయినదేమిటో కిటికీ తెలియజేస్తుంది, పోయిందన్న సంగతిని మోడు దాచకుండా చూపుతుంది. ఖండిత శిల్పంపై రాసే విమర్శకూ ఇదే నియమం వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీరు చూసిన ఒక ఖండిత శిల్పంలో శిల్పి చేసినదేమిటో, కాలం చేసినదేమిటో విడదీసి పది వాక్యాల్లో రాయండి.